నా కొలువు మీద మొక్కిన పొట్టేలు

మొన్న మంగళవారం మా ఊరోళ్లంతా మైసమ్మ గుడి ముంగట పచ్చిపులుసు పోసుకొని అన్నం తిని, నన్ను తిట్టుకుంట ఇండ్లకు పోయిండ్రు. మటన్ తిందామని వచ్చినోళ్లు! అంతా ఆ పొట్టేలు చేసిందని మా అవ్వ అంటది. కాదు, నా నోరే చేసింది. చాయ్ పోయుండ్రి, చెప్త. నవ్వితే మాత్రం మధ్యల లేచిపోత.

మీకు ఎరికే గదా, నా దగ్గర కమర్షియల్ పైలట్ లైసెన్స్ ఉన్నది. విమానం నడపొచ్చు అని సర్కారే రాసిచ్చింది. నడపనీకె విమానమే లేదు! మా బాపు గొర్ల మందకు మంద అమ్మి నన్ను ఆ ట్రైనింగ్‌కు పంపిండు. కోస్గి చుట్టుపక్కల ఆయన తిరగని బీడు లేదు, అసొంటి మనిషికి ఇప్పుడు మేపనీకె ఒక్క పొట్టేలు మిగిలింది. అదన్నా ఎందుకు మిగిలింది? దాని నెత్తి మీద చెయ్యి పెట్టి, "మైసమ్మా, నా బిడ్డకు పైలట్ కొలువు వచ్చిందంటే ఇది నీదే" అని మొక్కిండు గనుక.

ఇంటర్వ్యూకు పోయిన. రాత పరీక్ష పాస్. సిమ్యులేటర్ల కూసోబెట్టిండ్రు, మంచిగనే నడిపిన. ఆఖరుకు ముగ్గురు కూసోని నవ్వుకుంట మాట్లాడిండ్రు. నేను గూడ నవ్విన. ఇగ వచ్చినట్టే అనుకున్న. వారం అయినంక మెయిల్ వచ్చింది. "మీరు చూపిన ఆసక్తికి ధన్యవాదాలు. ఈసారి మిమ్మల్ని తీసుకోలేకపోతున్నాం. ఆరు నెలల తర్వాత మళ్లీ అప్లై చేసుకోవచ్చు." ఆసక్తంట! నేనేమన్న ఎగ్జిబిషన్ చూడనీకె పోయిన్నా? ఏం తప్పు చేసిన్నో చెప్పరు. ఏడ తక్కువైందో చెప్పరు. ఫోన్ చేస్తే, "మేడమ్, ఫీడ్‌బ్యాక్ ఇవ్వడం మా పాలసీ కాదు" అంటరు. నాకు ఎంత కోపం వచ్చిందంటే ఆ దినం పైనుంచి ఏ విమానం పోయినా నెత్తి ఎత్తి చూడలే.

ఈ బాధ నాదొక్కదానిదే అయితే ఎట్లనో పడుదును. కానీ ఆ పొట్టేలు ఉన్నది గదా! అమ్మవారి పేరు మీద ఇడిసిన జీవాన్ని కట్టెయ్యొద్దు, కొట్టొద్దు. దానికి గా సంగతి తెలిసిపోయినట్టున్నది. ఎవరి చేన్లకంటే వాళ్ల చేన్లకు పోతది. ఎవరి వాకిట్ల వడ్లు ఎండబోస్తే వాళ్ల వాకిట్ల కూసుంటది. అది ఊర్ల తిరుగుతున్నదంటే నాకు కొలువు రాలేదన్నట్టే. ఎవలకూ అడిగే అవసరమే లేదు, కానీ అందరూ అడుగుతరు!

మా ఇంటెన్క లచ్చమ్మ పెద్దమ్మ అయితే దినాం పొద్దుగాల వచ్చి మా అరుగు మీద కూసుంటది.

"ఏం మంజులా, నీ కొలువు ఏడికి వచ్చింది? నా కందిచేను సగం అయిపోయె."

"వస్తది పెద్దమ్మా."

"జర తొందరగ తెచ్చుకో బిడ్డా. మిగిలిన సగమన్న దక్కుతది."

నేను రిజెక్ట్ అయితే నాకంటే ఎక్కువ లాస్ లచ్చమ్మ పెద్దమ్మకే!

ఆర్నెల్లు గడిచినయి. వెబ్‌సైట్ల మళ్ల అప్లై చేయమని వచ్చింది. చేసిన్నా? చేయలే. లాప్‌టాప్ తెరుస్త, ఆ కంపెనీ పేరు చూడంగనే ఒళ్లు మండుతది, టప్పున మూస్త. నన్ను వద్దన్నోళ్ల గడప మళ్ల ఎందుకు తొక్కాలె? బాపు అడిగితే, "ఇంకా ఓపెన్ గాలే బాపు" అని చెప్పుకుంట వచ్చిన. ఆయన గూడ నమ్మి, "పోనీ బిడ్డా, తెరువనియ్" అంటుండె. నమ్మినందుకు ఆయన మీద గూడ కోపమే!

సోమవారం నాడు కోస్గికి పోయి ఆటోల వాపసు వస్తున్న. ఆటోల లచ్చమ్మ పెద్దమ్మ, ఇంకో నలుగురు మా ఊరి ఆడోళ్లే. ఎండ. డ్రైవర్ ఇంకో మనిషి కోసం ఆటో కదిలిస్తలేడు. నా ఒళ్ల ఎవరిదో ఉల్లిగడ్డల సంచి.

"ఇంకా రాలేదా మంజులా?" అని ఒకామె.

"మా అన్న బిడ్డ నీ ఈడుదే, టీచర్ అయింది" అని ఇంకొకామె.

"ఆడిపిల్లకు విమానం ఎవలిస్తరు? బస్సే ఇయ్యరు" అని మూడో ఆమె.

లచ్చమ్మ పెద్దమ్మ నా దిక్కు చూసి ఊకెనే ఒక నిట్టూర్పు ఇడిసింది. గా నిట్టూర్పుతోనే నాకు నషాళానికి అంటింది.

"వచ్చింది! కొలువు వచ్చింది! సాలా? ఐపాయెనా?"

డ్రైవర్ ఇగ ఎవల కోసం చూడలే, ఆటో కదిలిచ్చిండు. ఇంటికి పోయినంక, ఊకెనే అన్న పెద్దమ్మా అని చెప్పుదామనుకున్న. కానీ ఊరు రాంగనే నేను చెప్పులు కుట్టిచ్చుకోనీకె మూల మీద దిగిన. అదే తప్పు. నేను ఇంటికి చేరేటాల్లకు మా వాకిట్ల డప్పు మోగుతున్నది!

బాపు పొట్టేలు మెడ కావలించుకొని ఏడుస్తున్నడు. మంద అమ్మిన నాడు గూడ ఏడ్వని మనిషి. నన్ను చూసి లేచిండు.

"నాకు ఫోన్ చేసి చెప్పకపోతివి బిడ్డా. పెద్దమ్మ చెప్తే తెలిసె."

"బాపు, అది గాదు..." అని నోరు తెరిచిన. తెరిచిన నోట్ల మా అవ్వ పిడికెడు చక్కెర పోసింది. ఇగ ఏం మాట్లాడుతం? చక్కెర మింగేలోపట బాపు పోయి ఖదీర్ చాచాకు చెప్పి వచ్చిండు, రేపు పొద్దుగాల కత్తి తీస్కొని రమ్మని. మా ఊర్ల ఎవలింట్ల యాట కోసినా చాచానే రావాలె. బాపుకు చిన్ననాటి దోస్తు. ఆయన గూడ వచ్చి నా నెత్తి మీద చెయ్యి పెట్టి, "షాబాష్ బేటా" అన్నడు. నేను చచ్చిపోయిన! బాపు మొకం చూస్తే ఆ రాత్రి గూడ నిజం నోటికి రాలే.

తెల్లారి మైసమ్మ గుడి ముంగట ఊరంతా ఉన్నది. పెద్ద పెద్ద గంజులల్ల అన్నం ఉడుకుతున్నది. మసాల నూరుతున్నరు. పొట్టేలుకు తానం పోసి, పసుపు పూసి, మెడకు వేపరెమ్మలు కట్టిండ్రు. మా తాన పద్ధతి ఏందంటే, పొట్టేలు ఈపు మీద నీళ్లు పోస్తరు. అది ఒళ్లు దులపాలె. దులిపిందంటే అమ్మవారు ఒప్పుకున్నట్టు. దులపకుంటే కత్తి ముట్టరు. ఇదేం పెద్ద పరీక్ష గాదు, నీళ్లు పడితే ఏ జీవమైనా ఊకెనే దులుపుతది.

అవ్వ చెంబెడు నీళ్లు పోసింది. పొట్టేలు కదలలే.

ఇంకో చెంబు పోసింది. రెప్ప గూడ కొట్టలే.

బిందె తెచ్చిండ్రు. పసుపు నీళ్లు పోసిండ్రు. ఒకడు చెవుల ఊదిండు. ఒకామె వేపకొమ్మతోని ఇసిరింది. గొర్లల్లనే నెత్తి నెరిసిన మా బాపు, దాని తోక కాడ గీరిండు. ఊహూ! నేను గుడి మూలకు నిలబడి, "దులుపు, నీ కాళ్లు మొక్కుత, దులుపు" అని మనసుల అంటున్న. అది నా దిక్కే చూస్తున్నది. ఆ ముగ్గురు ఇంటర్వ్యూల చూసినట్టు!

ఎండ నెత్తికెక్కింది. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నరు. "ఏదో తప్పు జరిగింది" అని ఒకరన్నరు. అంతే, ఇగ మొదలువెట్టిండ్రు.

"తల్లీ, కందిచేన్ల పడ్డదని నేను దీన్ని కట్టెతోని ఒక్క దెబ్బ కొట్టిన, తప్పైంది" అని లచ్చమ్మ పెద్దమ్మ చెంపలేసుకున్నది.

"నేను రాయి ఇసిరిన, కానీ తగలలే" అని ఇంకొకాయన.

"నేను దీన్ని తోలుకపోయి పక్కూర్ల ఇడిసి వచ్చిన. నాకంటే ముందే ఇంటికొచ్చింది" అని మూడో ఆయన.

వాళ్ల తప్పులు వింటుంటే నవ్వొచ్చింది. కానీ గప్పుడే మా బాపు ముంగటికి వచ్చి, తువ్వాల తీసి కింద పరిచి, మైసమ్మ ముంగట సాగిలపడ్డడు.

"నా మొక్కులనే ఏదో లోటున్నది తల్లీ. ఉన్నా సరే, ఆ కోపం నా మీద తీర్సుకో. నా బిడ్డకు వచ్చిన కొలువు మాత్రం వాపసు తీస్కోకు."

ఇగ నాతోని గాలే. ఎవల మీద కోపమో నాకే తెల్వదు, గట్టిగ ఒర్లిన.

"లే బాపు! కొలువు లేదు గిలువు లేదు! వాళ్లు నన్ను వద్దన్నరు! ఆటోల కోపంల అబద్ధం చెప్పిన! మళ్ల అప్లై గూడ చేయలే!"

అప్పుడు దులిపింది చూడుండ్రి ఆ పొట్టేలు! కొమ్ముల కాడికెంచి తోక దాక బర్రున దులిపింది. బిందెడు పసుపు నీళ్లు నా మొకాన్నే పడ్డయి.

ఇగ లొల్లి మొదలైంది.

"దులిపింది గదా, కొయ్యుండ్రి!" అని సగం ఊరు.

"కొలువు రానిది ఎట్ల కోస్తరు?" అని మిగిలిన సగం.

అందరు ఖదీర్ చాచా దిక్కు చూసిండ్రు. ఆయన కత్తిని మెల్లగ బట్టల సుట్టి బాపు చేతుల పెట్టిండు. "అబద్ధం మీద నేను కొయ్య. ఈ కత్తి నీ ఇంట్లనే ఉంచుకో. కొలువు వచ్చిన నాడు పిలువు, ఉరికొస్త."

బాపు లేచి నా దగ్గరికి వచ్చిండు. కొడ్తడనుకున్న. కొట్టలే.

"మళ్ల ఎందుకు అప్లై చేయలే?"

"కోపమొచ్చింది బాపు."

"నేను బొంబైల మట్టిపనికి పోయిన నాడు, మేస్త్రి అందరిని ఏరుకొని నన్ను ఇడిసిపెట్టి పోతుండె. నాకు కోపం రాకుంటుండెనా? తెల్లారి మళ్ల గాడనే నిలవడుతుంటి. నేను నిలవడకపోతే నువ్వు తినేదానివా? ఫోన్ తియ్."

గిట్ల కాదు, ఇంటికి పోయి చేస్త అన్న. ఊరు ఇడిసిపెట్టలే. ఆకలి మీదున్నరు గదా! పసుపు నీళ్లు కారుకుంట, గుడి మెట్ల మీద కూసోని, ఊరంతా నా ఫోన్‌లకు తొంగి చూస్తుంటే అప్లికేషన్ నింపిన. మీ బలహీనత ఏంటి అని అడిగిండ్రు దాంట్ల. పైకి చదివిన, అదే నేను చేసిన ఇంకో తప్పు.

"నోరు!" అని ఊరంతా ఒక్కపారి చెప్పింది.

ఇంకో ఫోన్ నంబర్ ఇయ్యమంటే బాపుది ఇచ్చిన. సబ్మిట్ నొక్కంగనే డప్పు గూడ కొట్టిండ్రు. తర్వాత అందరు ఆ అన్నంల పచ్చిపులుసు పోసుకున్నరు. మూడోసారి వడ్డిస్తుంటే గూడ నన్ను తిట్టుడు ఆపలే.

ఇగ నిన్నటి సంగతి. నేను తానం చేస్తున్న, నా ఫోన్ మోగి మోగి ఆగింది. ఎయిర్‌లైన్ ఆఫీస్ మేడమ్ బాపుకు చేసింది. హిందీల మాట్లాడింది. మా బాపుకు బొంబై హిందీ మస్తు వస్తది. నేను బయటికి వచ్చేటాల్లకు ఆయన వాకిట్ల నిలబడి, ఊరంతా ఇనవడేటట్టు ఒర్లుతున్నడు.

"హా మేడమ్, మై మంజులా కా బాప్! నౌకరీ కబ్ దేతే బోలో! ఇధర్ ఛురీ తేజ్ కర్కే రఖా హూఁ! పూరా గావ్ తయార్ బైఠా హై!"

అంటే, కొలువు ఎప్పుడిస్తవో చెప్పు, ఈడ కత్తి నూరి పెట్టిన, ఊరంతా తయారుగ కూసున్నది అని! నేను తడి ఒంటితోనే ఉరికి ఫోన్ గుంజుకునేలోపట పెట్టేసిండు. మొకం ఎలిగిపోతున్నది.

"మస్తు మర్యాద గల్ల మనిషి బిడ్డా. ముందుగాల ఎవలు నువ్వు అన్నది, ఆఖరుకు సార్ సార్ అన్నది. సోమవారం ఇంటర్వ్యూకు రమ్మన్నది."

నవ్వద్దన్న గదా! ఈసారి నన్ను పిలిచింది నా మార్కులు చూసో, మా బాపు కత్తికి భయపడో నాకైతే తెల్వదు. సోమవారం పోయి తెలుసుకుంట, ఆ గేటు కాడ సెక్యూరిటీ నన్ను లోపలికి పోనిస్తే.