‘ఆగే’ అన్న మాట

సీలింగ్ ఫ్యాను స్విచ్చి వేసేటప్పుడు నేను పైకి చూడను. మొదట మూడు రెక్కలు కనిపిస్తాయి. కాసేపటికి అవి ఉండవు, గుండ్రటి గాలి మాత్రం ఉంటుంది. రెక్కలు మాయమయ్యే ఆ క్షణం నాకు పడదు. అమ్మ ఇది గమనించింది కానీ ఎప్పుడూ అడగలేదు.

మేం బెంగాల్లో, సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్‌లో ఉంటాం. నాన్న బోగీలు బాగుచేసే షెడ్డులో ఫిట్టరు. పక్క క్వార్టరులో రిటైరైన బెంగాలీ ఆయన ఒకరున్నారు. ఆయన్ని అన్నగారన్నట్టు అందరం దాదా అనే అంటాం. రేడియో రిమోట్‌తో ఎగిరే చిన్న విమానాలు చేయడం ఆయన సరదా. అది నాన్నకు అంటించారు. థర్మోకోల్ ఒళ్లు, వెదురు బద్దలు, ముక్కు దగ్గర చిన్న మోటారు, దానికి జానెడుకు మించిన ప్రొపెల్లరు. అమ్మ దాన్ని పంకా అనేది.

"వంటింట్లో పంకా బిగించమంటే ఆర్నెల్లు పట్టింది. దీనికి మాత్రం ఆదివారం ఆదివారం బిగిత్తాడు" అని దెప్పేది.

దాదా నియమాలు గట్టివి. ఇంట్లో పని చేసేటప్పుడు ప్రొపెల్లరు ఊడదీసి పక్కన పెట్టాలి. బ్యాటరీ కలిపేముందు రిమోట్ స్టిక్కు అడుగుకు దించి ఉండాలి. కలిపాక చేయి ముందువైపుకు పోకూడదు. పక్కనా నిలబడకూడదు, రెక్క విరిగితే ముక్క అటే వస్తుంది. మెడలో, భుజాన ఏదీ వేలాడకూడదు. బ్యాటరీ తగిలిస్తే తిరిగినా తిరగకపోయినా అది తిరుగుతున్నట్టే లెక్క అనేవారు.

రిమోట్ పట్టుకునే పని నాది. ఎవరితోనూ మాట్లాడక్కర్లేని పని కాబట్టి నాకు ఇష్టంగానే ఉండేది. యార్డు వెనక మైదానంలో నాన్న విమానాన్ని వెనక నుంచి ఒడిసి పట్టుకుంటే, నేను ఎడమ బొటనవేలితో స్టిక్కు తోసి మోటారు పరీక్షించాలి. ముగ్గురికీ అర్థం కావాలని అక్కడి మాటలు హిందీలో పెట్టుకున్నాం. "ఆగే" అంటే స్టిక్కు ముందుకు. "బంద్" అంటే కిందికి.

ఆ రోజు పొద్దున చలిగా ఉందని నాన్న తువ్వాలు భుజాన వేసుకున్నారు. దాదా చూడలేదు. నేను చూశాను. చెప్పాలనుకుని నోరు విప్పలేకపోయాను. సొంత నాన్నకు ఒక మాట చెప్పడానికి కూడా నాకు అంత మొహమాటం.

"ఆగే" అన్నారు నాన్న. స్టిక్కు సగానికి తోశాను. ప్రొపెల్లరు రెక్కలు మాయమయ్యాయి. తువ్వాలు కొస జారింది.

"ఆగే!" అని అరిచారు.

మా ఇంట్లో ఆ మాటకు ఇంకో అర్థం ఉంది. ఆడపిల్లను ఆగమనాలంటే "ఆగే" అంటారు. చిన్నప్పుడు పట్టాల వైపు పరుగెత్తిన ప్రతిసారీ నా వీపు వెనక వినపడిన మాట అదే.

నేను స్టిక్కును చివరిదాకా తోశాను.

తువ్వాలును ప్రొపెల్లరు గుంజుకుంది. దాన్ని లాగబోయిన చేయి కూడా వెళ్లింది. పెద్ద చప్పుడేమీ కాలేదు, తడి బట్ట జాడించినట్టు ఉంది అంతే. దాదా నా చేతిలోంచి రిమోట్ లాక్కుని స్టిక్కు దించారు. అప్పటికే నాన్న కుడిచేతి చూపుడువేలు మొదటి కణుపు దాకా పోయింది. మధ్యవేలికి కుట్లయితే వేశారు కానీ అది మళ్లీ వంగలేదు.

ఆసుపత్రిలో ఎవరడిగినా నాన్నది ఒకటే జవాబు. "తువ్వాలు నాది, తప్పూ నాదే."

బయట బెంచీ మీద దాదా నన్నడిగారు. "తుమ్హారా బాబా ఆగే క్యోం బోలా?" తువ్వాలు జారుతుంటే ఇంకా ముందుకు తొయ్యమని ఎందుకన్నాడన్నది ఆయనకు తెగని సందేహం.

"పతా నహీ, దాదా" అని తెలియనట్టే అన్నాను.

ఆ రోజు డైరీలో "నాన్న చేతికి దెబ్బ తగిలింది" అని రాశాను. మా ఇంట్లో తెలుగు చదవడం వచ్చింది నాకొక్కదానికే. ఎవరూ చదవరని తెలిసి కూడా "నేను" అన్న మాట లేకుండా ఆ వాక్యం రాశాను.

నాన్నను షెడ్డులోంచి పనిముట్లు ఇచ్చే గదికి మార్చారు. అన్నం కలిపేటప్పుడు ఆ మొండివేలు పప్పుకు తగలకుండా పైకి లేచి ఉంటుంది. నేను నా కంచంలోకి చూసుకుంటాను. బస్సెక్కితే కండక్టరు "ఆగే, ఆగే" అంటాడు. అందరూ ముందుకు జరుగుతారు. నేను జరగను. "కీ హోలో, ఎగోన్ నా!" అంటూ, ఏమైంది జరగమని వెనకావిడ మోచేత్తో పొడుస్తుంది.

మూడేళ్లయింది. ఈ చలికాలం నాన్న అటక మీంచి విమానం దించారు.

"గుంటా, రేపు పొద్దున రావాలి."

"నేను పట్టుకోను నాన్నా."

"నువ్వు కాపోతే ఎవలు పడతారే? మీ అమ్మా? అది రిమోట్ నొక్కి టీవీ రానేదంటాది."

నాకు నవ్వు రాలేదు. "ఆ రోజు నువ్వు ఆగే అన్నావు" అన్నాను.

ఆయన స్క్రూ బిగించడం ఆపలేదు. "అన్నాను. తెలుగులో అన్నాను. నువ్వు ఇందీలో విన్నావు."

"నీకు తెలుసా?"

"పంకా కూత మారితే ఫిట్టరోడికి తెలీదేటి?"

నేను చెప్పవలసింది ఇంకొకటి మిగిలింది. నాన్న హిందీలో ఎప్పుడూ అంత గట్టిగా అరవరు. అది తెలుగని నాకు తెలుసు. తెలిశాక తోశానా, తోశాక తెలిసిందా అన్నది మూడేళ్లుగా ఎన్ని పేజీలు రాసినా తేలలేదు. ఆ సంగతి చెప్పలేదు.

మర్నాడు మైదానంలో నాన్న పొట్టి చేతుల చొక్కాతో వచ్చారు. నా చున్నీ తీయించి సైకిలు మీద పెట్టించారు. విమానాన్ని చేత్తో పట్టుకోకుండా తాడుతో మేకుకు కట్టి తను వెనక్కి జరిగారు. మాటలు కూడా మార్చారు. ఎత్తు, దించు. దాదా ఆ రెండూ బెంగాలీ యాసలో వల్లెవేసుకుంటున్నారు.

"ఎత్తు."

ఎత్తాను. రెక్కలు మాయమయ్యాయి.

"దించు."

దించాను. గుండ్రటి గాలి మసకబారింది. రెండు రెక్కలుగా విడిపోయి నిలిచింది.

నాన్న నా వైపు చూశారు. "ఏటే, ఏలు అలా నొక్కుతన్నావు?"

"దించుతున్నాను నాన్నా."

"కిందనే ఉంది కదే. ఒగ్గేయ్. ఆగిపోనాది."

చూసుకున్నాను. బొటనవేలి గోరు తెల్లబడి ఉంది. స్టిక్కు ఇంకా దిగడానికి చోటు లేదు. నాన్న విమానం వెనక నుంచి వచ్చి బ్యాటరీ పీకేశారు. అప్పటికీ నా వేలు లేవలేదు.