దానియేలు మేస్త్రీ ఆయిలు చుక్కలు

కొత్తకోటలో దానియేలు మేస్త్రీ ఏ ఇంజను మాటనూ నమ్మేవాడు కాదు. దాని ఆయిలు మాటనే నమ్మేవాడు. కొత్తగా బోరు చేసి రింగులు మార్చిన ఇంజనైతే మరీను. ఆయిలు మట్టం చూసే పుల్లను బయటికి లాగి, కొసన నిలిచిన చుక్కను రెండు వేళ్ల నడుమ నలిపి, ముక్కు దగ్గర పెట్టుకొని కళ్లు మూశాడంటే, హైవే మీద లారీలు కూడా హారను కొట్టడానికి జంకుతాయని డ్రైవర్లు చెప్పుకునేవారు. కంటితో చూసిన ప్రత్యక్షం గట్టిదా, ఊహించి తేల్చే అనుమానం గట్టిదా అని పండితులు తరతరాలుగా వాదులాడుకుంటున్నారు. ముక్కు సంగతి వారికెవరికీ తట్టినట్టు లేదు.

రెండువేల నాలుగు ఫిబ్రవరిలో ఆ ముక్కుకు చిక్కినవాడు కిష్టయ్య. గద్వాలకూ కొత్తకోటకూ నడుమ జీపు తోలేవాడు. పగలు మనుషులు, రాత్రి పత్తిగింజల సంచులు. అలసట అతడికి అంగీలాంటిదైపోయింది. వేసుకున్నట్టే గుర్తుండేది కాదు. ఒక మధ్యాహ్నం పెబ్బేరు దాటాక ఇంజను పట్టేసింది. అడుగు బోల్టు వదులై ఆయిలంతా దారి పొడవునా కారిపోయింది. జీపును మేస్త్రీ షెడ్డుకు లాగించుకొచ్చాడు.

“ఆయిలు తగ్గితే ఎర్రబల్బు వెలగలేదా?” అన్నాడు మేస్త్రీ.

“చూడలే, మేస్త్రీ.”

మేస్త్రీ ఆయిలును చూసినంతసేపు కిష్టయ్యను చూశాడు.

పన్నెండు రోజులకు ఇంజను తయారైంది. ఇంకోసారి పట్టేస్తే జీపు పాత ఇనుములోకే పోతుందని కిష్టయ్యకు తెలుసు. అది పోతే తోలడానికి మరొకటి లేదు. తాళం కోసం చెయ్యి చాపాడు.

“ఇస్త. కానీ తీస్కపోయేది బాలింతనని యాదిలుండాలె. నలభై దాటొద్దు. ఎనిమిదిమందే ఎక్కాలె. పొద్దుగూకితే బండి నా షెడ్డుల పండాలె. పొద్దుగాల ఆయిలు చూపిచ్చినంకనే కదలాలె.”

“ఎనిమిదిమందా! బానెట్టు మీద కూసునేటోళ్లే నలుగురుంటరు గదా!”

“బాలింత నెత్తిన మూట పెడ్తవా?”

కిష్టయ్య మాట మీద భరోసా లేక, మేస్త్రీ ఆక్సిలేటరు కింద ఒక చెక్క ముక్క పెట్టి తీగతో బిగించాడు. ఎంత తొక్కినా నలభై దగ్గర చెక్క అడ్డం పడేది.

ట్రాక్టర్లు దాటిపోయాయి. ఎర్రవల్లి చౌరస్తా దగ్గర ఎద్దులబండి తోలే ముసలాయన పక్కనే వస్తూ మంచిచెడ్డలడిగి, బీడీ ఇప్పించుకొని, ముందుకు సాగిపోయాడని కూడా అంటారు. రోజూ ఎక్కే జమ్ములమ్మ ఊరుకోలేదు. “ఏం కిష్టయ్యా, జర దిగి తొయ్యాల్నా?”

“కూసో అక్కా. బండి బాలింత.”

“అట్లయితే నన్ను గద్వాలల పసిపిల్ల లెక్క ఉయ్యాలల దించుతవా ఏంది?”

ప్రతి ఉదయమూ అదే తంతు. లాగడం, నలపడం, వాసన. తరువాత మేస్త్రీ పాత పెళ్లికార్డు వెనక తెల్లవైపున ఒక చుక్క రాల్చి, పక్కన ఏదో గీకి, కార్డును అంగీ జేబులో పెట్టుకొని అనేవాడు: “ఇయ్యాల గాదు.”

తొమ్మిదోనాడు ఆయిలు మార్చాడు. పళ్లెంలో పడిన ఆయిలులో సన్నని మెరుపు చేప పొలుసులా తేలింది. “కొత్త రింగులు ఒరుసుకున్న పొడి. పోవాల్సిందే, పోయింది.”

“అయితే చెక్క తీస్తవా?”

“ఇయ్యాల గాదు.”

“ఏంది మేస్త్రీ, ఇంక మెరుపేడున్నది? నాకైతే కనవడ్తలేదు.”

“నీకు ఎర్రబల్బే కనవడలే.”

వాదం రోజూ అక్కడే ఆగేది. రాత్రి జీపు లేదు కనుక సంచులూ లేవు. మొదట్లో కిష్టయ్య మంచం మీద పడుకొని మేస్త్రీని తిట్టుకునేవాడు. కొన్నాళ్లకు తిట్టు సగంలో ఉండగానే నిద్రపట్టేది. “నీ మొఖం నాకు మల్ల యాదికొచ్చింది. మేస్త్రీకి కోడి కొయ్యాలె” అంది భార్య బాలనాగమ్మ.

ఇరవై మూడోనాడు మేస్త్రీ లారీ కింద పనిలో ఉన్నాడు. “నా చేతులు ఖాళీ లెవ్వు. ఇయ్యాల నువ్వే చుక్క వెయ్యి. కార్డు అంగీల ఉన్నది” అన్నాడు. మేకుకు వేలాడుతున్న అంగీలోంచి కిష్టయ్య కార్డు తీశాడు. చుక్కల పక్కన చీమల బారులా అక్షరాలున్నాయి.

‘ఒకటి: మెరుపున్నది. కిష్టయ్య కండ్లు ఎర్రగున్నయి.’

‘అయిదు: మెరుపు తగ్గింది. పుల్ల చేతికిస్తే కిష్టయ్య చెయ్యి వణుకుతున్నది.’

‘తొమ్మిది: ఆయిలు మార్చిన. ఇంజనుకు ఢోకా లేదు. మనిషి నిలబడే తూగుతుండు.’

అక్కడి నుంచి చుక్కలున్నాయి గాని ఆయిలు ఊసే లేదు. చివరిది నిన్నటిది. ‘ఇరవై రెండు: చెయ్యి కుదిరింది. కండ్లు తెల్లబడ్డయి. గట్టిగ కొట్లాడుతుండు. రేపు చెక్క తియ్యొచ్చు.’

ఎర్రబల్బు ఎందుకు కనబడలేదో మేస్త్రీకి ఇంజను పట్టేసిన మధ్యాహ్నమే తెలుసు. కళ్లు తెరుచుకొనే నిద్రపోయిన మనిషికి మాత్రం తెలియలేదు. కిష్టయ్య పుల్లను బయటికి లాగాడు. తరువాత జాగ్రత్తగా ఒక చుక్క రాల్చాడు.

“ఎట్లున్నది?” లారీ కింది నుంచి మేస్త్రీ గొంతు.

“మెరుపున్నట్టే కొడ్తుంది, మేస్త్రీ. చెక్క ఇంకో నాలుగొద్దులు ఉండనియ్యి. ఇయ్యాల గాదు.”

పానా చప్పుడు ఆగింది.

“మెరుపా? నా ఇంజన్లనా? అబద్ధం! పుల్ల పట్కరా, వాసన చూస్త!”

లారీ కింది నుంచి ముందుగా ముక్కు బయటికొచ్చింది.