ఆరింటి ఫోను

పొద్దున ఆరింటికి మా వీధిలో పాలవ్యాను హారన్ కొడుతుంది. ఆ మోత వినగానే ఇప్పటికీ నా చెయ్యి ఫోను మీదికి పోతుంది. ఆ వేళకే మునిలక్ష్మి సిస్టర్ రోజూ ఫోను చేసేది. "లేసినావా మే? కాపీ తాగినావా?" అంతే, పెట్టేసేది.

చిత్తూరులో ఒక ఆసుపత్రి ఎమర్జెన్సీలో నేను కొత్త నర్సుగా చేరినప్పుడు ఆమె హెడ్ నర్సు. పక్షవాతం కేసు వస్తే ఆమె మొదట అడిగేది ఒకటే, మనిషి చివరిసారి బాగున్నది ఎప్పుడని. మెదడు నరంలో కట్టిన రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. ఆలస్యంగా ఇస్తే ఆ మందే మెదడులో రక్తం కారేలా చేయొచ్చు. ఒకసారి పలమనేరు వైపు నుంచి ఒకామె మొగుణ్ణి తెచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది. ఎప్పుడమ్మా అంటే "ఇప్పుడే మేడమ్, ఇప్పుడే" అంటుంది. ఆలస్యమైందంటే వెనక్కి పంపేస్తారని పాపం ఆమె భయం. సిస్టర్ ఆమెను కూర్చోబెట్టి, "గడియారం వద్దులేమ్మా. మీ ఊరికి ఆరింటికి పాలవ్యాను వస్తాది గదా, అప్పుడు ఆయప్ప ఏం చేస్తా ఉన్నాడు?" అని అడిగింది.

"క్యాను ఎత్తిచ్చినాడు మేడమ్. పాలలో వెన్న తక్కువ రాసినారని డ్రైవర్‌తో గొడవ కూడా పెట్టుకున్నాడు."

"ఆరు అని రాయి మే," అంది సిస్టర్ నాతో. స్కాన్‌లో రక్తస్రావం లేదని తేలాక, తొమ్మిదిలోపే ఇంజెక్షన్ పడింది. సాయంత్రానికి ఆయన అదే చేత్తో మీసం దువ్వుకుంటుంటే మాకు నవ్వు ఆగలేదు. ఆరోజే సిస్టర్ నాకు చెప్పింది, "తెలియకపోతే తెలియదనే రాయి. జాలిపడి టైము దిద్దితే ప్రాణం పోతాది."

రిటైరయ్యాక ఆమె మా పక్క వీధిలోనే ఒంటరిగా ఉండేది. ఒకరోజు ఆరింటికి ఫోను మోగింది. డ్యూటీ హడావుడిలో ఉండి, "అబ్బా, తర్వాత చేద్దాంలే" అనుకున్నాను. ఎనిమిదిన్నరకి పక్కింటివాళ్లు ఆమెను మా ఎమర్జెన్సీకే తెచ్చారు. కుడి పక్కంతా పడిపోయింది, మాట లేదు. ముందురోజు సాయంత్రం తర్వాత ఆమెను చూసినవాళ్లు లేరు. స్కాన్‌లో రక్తస్రావం లేదు. మా ఆరింటి ఫోన్ల సంగతి తెలిసిన డాక్టర్ నన్నే అడిగాడు, "ఆరింటికి నీతో మాట్లాడిందా?"

అవునంటే ఇంజెక్షన్ పడేది. అవునన్న మాట నోటిదాకా వచ్చింది. కానీ ఆమె బాగుండి ఫోను చేసిందో, చెయ్యి పడిపోతుంటే చేసిందో నాకేం తెలుసు? "మోగింది సార్. నేను ఎత్తలేదు," అన్నాను. ఇంజెక్షన్ ఇవ్వలేదు. ఆస్పిరిన్ పొడి చేసి ముక్కు గొట్టంలో నేనే వేశాను. అది కొత్త గడ్డ కట్టకుండా చూస్తుందే గానీ ఉన్నదాన్ని కరిగించదు. నాకు ఆ సంగతి నేర్పింది కూడా ఆమే.

మూడు నెలలు బతికింది, ఒక్క మాటా లేకుండా. పక్కన కూర్చుని "నిజమే చెప్పినాను సిస్టర్" అనేదాన్ని. ఎడమ చేత్తో నా చెయ్యి నొక్కేది. మంచిపని చేసినావనో, ఫోను ఎందుకు ఎత్తలేదనో, నాకు తెలియలేదు. ఆ గొంతు ఇంకొక్కసారి వినాలని ప్రాణం కొట్టుకుంటుంది. ఇప్పుడు ఎవరు ఫోను చేసినా మొదటి రింగుకే ఎత్తుతాను. ఆరింటికి మాత్రం ఎవరూ చెయ్యరు.