వీపు మీద దెబ్బలు

వాకాడు నుంచి నెల్లూరు వచ్చే బస్సులో నా భార్య తాటిముంజ తింటూ ఏదో మాటకు నవ్వింది. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. పొలమారిందనుకుని, అందరం చేసే పనే నేనూ చేశాను. "ఎవరో తలుచుకుంటున్నారు" అంటూ నడినెత్తిన తట్టి, నీళ్ల సీసా నోటి దగ్గర పెట్టాను. ఆమెకు దగ్గు రాలేదు, మాట రాలేదు. రెండు చేతులతో గొంతు పట్టుకుంది. పెదవులు నీలంగా మారాయి.

వెనక సీటులోని చేపలమ్మే ఆమె లేచి, సీసాను ఒక్క దెబ్బతో కింద పడేసింది.

"నీళ్లు పోసి చంపేస్తావా పెద్దాయనా? ముంజ గొంతులో ఇరుక్కోనుండాది!"

నా భార్యను సీట్లోంచి లేపి, ముందుకు వంచి, భుజాల మధ్య అరచేత్తో బలంగా అయిదు దెబ్బలు వేసింది. ఆ చప్పుడుకు నాకు మతి పోయింది. పక్కనున్న గొడుగు తీసి చేపలామె ముఖం మీద కొట్టాను. పెదవి చిట్లి రక్తం కారినా ఆమె వదల్లేదు. నా భార్య నడుమును వెనక నుంచి చుట్టి, బొడ్డుకు పైన పిడికిలి ఆనించి, లోపలికీ పైకీ గుంజింది. మూడోసారికి ముంజ ఎగిరి బయటపడింది. నా భార్య ఊపిరి పీల్చుకుని ఏడ్చింది.

చేపలామె కొంగుతో పెదవి అద్దుకుంది.

"కడుపు గట్టిగా నొక్కినాను, డాక్టరుకు చూపించు. ఇంకెప్పుడూ నెత్తిన తట్టబాక."

"అమ్మా, నిన్ను కొట్టాను..."

"పెద్దమ్మను కాపాడాలనే కదా కొట్టినావు. నేనూ అందుకే కొట్టినాను."

పేరు అడిగేలోగా తన ఊళ్లో దిగిపోయింది. నా భార్య వీపు మీద కమిలిన గుర్తులు వారానికి పోయాయి. ఆ పెదవి ఎన్నాళ్లకు మానిందో నాకు తెలియదు.