అర క్రెడిట్ సుభాని

మహబూబ్ సుభానికి కళ్లముందు ఏది జరిగినా దానికి క్రెడిట్లు వేసే జబ్బుంది. సౌదీ అరేబియాలోని అల్ ఖోబర్‌లో ఒక కాంట్రాక్టు కంపెనీ ఆఫీసులో గుమాస్తాగా ఉండే ఈ ప్రొద్దుటూరు మనిషి చేపల మార్కెట్‌కు పోయాడంటే, పక్కన నిలబడి హమూర్ చేప బేరం విన్నందుకు కూతురికి ఎకనామిక్స్‌లో పావు క్రెడిట్. నీళ్ల ట్యాంకు దగ్గర ఇంటి ఓనరుతో తగాదా పడ్డాడంటే సివిక్స్‌లో మరో పావు. ఆయన భార్య బద్రున్నీసా బిర్యానీకి దమ్ము పెడుతుంటే వెనకనుంచి తొంగి చూసి, "ఆవిరి యాడికి పోతాండాదో సూడు పాపా, ఇది ఫిజిక్స్" అనేవాడు.

"నీ ఫిజిక్స్ అడుగంటుతాంది, పక్కకు జరుగు" అనేది ఆవిడ.

ఈ జబ్బు ఆయనకు గల్ఫ్ యుద్ధంలో అంటుకుంది. తొంభై ఒకటి జనవరిలో స్కడ్ క్షిపణుల భయానికి బళ్లు మూసేశారు. ఆఫీసులో పనిచేసే ఒక అమెరికన్ హడావిడిగా దేశం వదిలిపోతూ టేబుల్ మీద ఒక పుస్తకాల కట్ట మరిచిపోయాడు. అమెరికాలో పిల్లలు ఇంట్లోనే ఉండి పోస్టు ద్వారా హైస్కూలు చదువుకోవచ్చట. ఏయే కోర్సులు చదవాలో తల్లిదండ్రులే ప్లాను వేసుకోవచ్చట. ఒక్కో కోర్సుకు ఇన్నని క్రెడిట్లు. అవన్నీ కూడి లెక్క నిండితే డిప్లొమా. సుభాని ఆ కట్టను కిటికీలకు టేపు అంటిస్తూ చదివాడు, సైరను మోగుతుంటే చదివాడు. యుద్ధం ఆగింది కానీ ఆయన ఆగలేదు. కూతురు ఇష్రత్ చదివే బడిలో ఆడపిల్లలకు పదితో సరి. ఆపైన చదవాలంటే అమ్మానాన్నల్ని వదిలి ఇండియా హాస్టల్‌కు పోవాలి. ఆ పిల్ల పోనని మొండికేసింది. "అయితే ఈడనే చదువుతాది" అని సుభాని ఆ అమెరికా పోస్టు బడిలో పేరు రాయించేశాడు.

దీన్నంతా చూసి ఎక్కువగా నవ్విన మనిషి యాదగిరి. జగిత్యాల దిక్కువాడు, అదే కంపెనీలో డ్రైవరు. పదో తరగతి పరీక్షల మధ్యలో లేచి వచ్చేసిన ఘనుడు. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే, "నేను బడి ఇడువలేదుర బై, బడే నన్ను తట్టుకోలేక ఇడిసింది" అనేవాడు. యుద్ధంలో దమ్మామ్ రోడ్డు మీద స్కడ్ క్షిపణి తన బండిని ఓవర్‌టేక్ చెయ్యబోతే సైడు ఇవ్వలేదని చెప్పేవాడు. చెప్పినప్పుడల్లా ఆ స్కడ్ కొంచెం కిందికి దిగేది. చివరికి అది హారన్ కూడా కొట్టింది. అతని రూములో వాళ్లంతా దుప్పటి ముసుగు పెట్టుకున్నా, సుభాని మాత్రం చాయ్ చల్లారేదాకా కూర్చుని వినేవాడు.

"మళ్లా ఏమైంది ప్పా?" అని అడిగేవాడు కూడా.

తొంభై మూడు వేసవికి ఇష్రత్ చదువు ఒడ్డుకు చేరింది. హైదరాబాదులో ఒక కాలేజీలో సీటు ఖాయమైంది, మేనత్త ఇంట్లో ఉండి చదవడానికి పిల్ల కూడా ఇప్పుడు సరేనంది. జూన్ ఆఖరుకు డిప్లొమా చూపించాలి, అంతే. సరిగ్గా అప్పుడే అమెరికా బడివాళ్లు కొర్రీ పెట్టారు. హోమ్ సైన్సు కింద ఒకసారి లెక్కపెట్టిన బిర్యానీని ఫిజిక్స్ కింద రెండోసారి ఒప్పుకునేది లేదన్నారు. అర క్రెడిట్ తగ్గింది.

"బిర్యానీతో బిడ్డ బతుకు మీదికి తెచ్చినావు!" అని బద్రున్నీసా గిన్నెలు ఎత్తెత్తి వేసింది.

సుభాని కోర్సుల పుస్తకం తిరగేసి, తిరగేసి, ఒక చోట వేలు పెట్టాడు. డ్రైవింగ్ చదువు! అమెరికా హైస్కూల్లో అదీ ఒక కోర్సే, సరిగ్గా అర క్రెడిట్. రోడ్డు నియమాలు, ఇంజను సంగతులు, టైరు మార్చడం నేర్పితే చాలు, రోడ్డెక్కనక్కర్లేదు. ఆడవాళ్లు స్టీరింగు పట్టని దేశంలో కూతురికి డ్రైవింగ్ కోర్సు పెట్టిన తండ్రి ఖోబర్ మొత్తానికి ఆయనొక్కడే అయివుంటాడు.

"పంతులు ఎవలు సార్?" అన్నాడు యాదగిరి నవ్వాపుకుంటూ.

"నువ్వే."

యాదగిరి తన వెనక ఇంకెవరన్నా ఉన్నారేమోనని తిరిగి చూశాడు.

బిల్డింగు వెనకాల గోడచాటున, ఇంజను ఆపేసిన కారులో క్లాసులు మొదలయ్యాయి. తాళంచెవి యాదగిరి జేబులో, ఇష్రత్ ముందు సీట్లో, కాపలాకు బద్రున్నీసా వెనక సీట్లో బఠానీలు ఒలుచుకుంటూ. ఆ క్లాసులో కదిలేది ఒక్క యాదగిరి నోరే. అయినా విచిత్రం, పాఠం దగ్గరికి వచ్చేసరికి ఆ నోరు కోతలు మరిచిపోయేది. "చూడు బిడ్డా, బ్రేకు కాలితోని కాదు, కండ్లతోని వెయ్యాలె. ముందటోడు ఏం జేస్తడో ముందుగాల్నే చూడాలె." తల వంచుకుని చెప్పేవాడు. అప్పటిదాకా ఎవరూ తనను ఏదీ అడిగి నేర్చుకున్నది లేదు మరి.

"అన్నా, ఇసక రోడ్డు మీదికి వస్తే?" అని ఇష్రత్ అడిగేది.

"టైర్ల గాలి తగ్గియ్యాల" అని వెనక సీటు నుంచి బఠానీల గిన్నె జవాబు చెప్పేది.

కోర్సు అయిపోయింది. అప్పుడు అమెరికా బడి ఇంకో మెలిక పెట్టింది. నేర్పినవాళ్ల చదువు ఏపాటిదో ఫోనులో చెప్పాలట. పై అంతస్తు ఇంజనీరు భూషణం గారు ఈ సంగతి విని కిందికి దిగి వచ్చారు. కృష్ణా జిల్లా మనిషి, మనసు మంచిదే.

"ఇందులో ఆలోచించేదేముందండీ సుభాని గారూ! నా పేరు చెప్పెయ్యండి. డిగ్రీ ఉంది, లైసెన్సూ ఉంది. అమెరికా నుంచి ఎవరొచ్చి చూస్తారండీ? టెన్త్ ఫెయిలంటే వాళ్లు ఒప్పుకుంటారా? పిల్ల సీటు పోద్ది."

"గదే కరెక్టు సార్" అన్నాడు యాదగిరి, అందరికన్నా ముందు, అందరికన్నా గట్టిగా. "నాకు పేరెందుకు? నా పేరు రియాద్ దాకా తెలుసు ఎట్లైనా." ఆ మాటకు తనే నవ్వాడు. ఆ నవ్వు తనకే బాగోలేదు.

పొద్దుగూకి మగ్రిబ్ నమాజ్ అయ్యాక సుభానిని టెలిఫోన్ కాబిన్‌కు తీసుకెళ్లింది యాదగిరే. సుభాని లోపలికి దూరి తలుపు వేసుకున్నాడు. కానీ అమెరికా దూరమని ఎంత గట్టిగా అరిచాడంటే, తలుపు ఉండీ లాభం లేకపోయింది. బయట వరసలో ఉన్న పాకిస్తానీలు, బంగ్లాదేశీలు అందరూ విన్నారు. యాదగిరి కూడా విన్నాడు. కంపెనీ తెల్లదొరల్ని కారులో తిప్పినవాడు, ఆమాత్రం ఇంగ్లీషు తెలుసు.

"నో మేడమ్! నాట్ ఇంజనీర్! డ్రైవర్! నేమ్ యాదగిరి!"

యాదగిరి అద్దం మీద టకటకా కొట్టాడు. "సార్, పోరి సీటు! భూషణం సార్ పేరు చెప్పున్రి!" సుభాని వీపు తిప్పేశాడు.

"స్కూల్? ఇన్‌కంప్లీట్ మేడమ్! బట్ వెరీ గుడ్ టీచర్! మై డాటర్ లెర్న్డ్! మై వైఫ్ ఆల్సో లెర్న్డ్, షీ వాజ్ ఓన్లీ సిట్టింగ్!"

తర్వాత చాలాసేపు అవతలి మనిషే మాట్లాడింది. సుభాని తలూపుతున్నాడు. అది అవునో కాదో యాదగిరికి అర్థం కాలేదు. తన మూలంగా ఆ పిల్ల సీటు పోయిందనే అనుకున్నాడు. తలుపు తెరుచుకుంది.

"ఇచ్చినారు ప్పా, అర క్రెడిట్. నీ లైసెన్సు నకలు పంపితే చాలన్నారు."

యాదగిరి ఊపిరి వదిలి, మరుక్షణం కోపం తెచ్చుకున్నాడు. "ఇయ్యకపోతే? సార్, బిడ్డ బతుకుతోని ఆటలా? నా అసుంటి ఫెయిలైనోని పేరు..."

"ఫెయిల్ యాడుంది? ఇన్‌కంప్లీట్ అన్నా. వాళ్ల లెక్కలో అదే మాట. పెద్దోళ్లు కూడా చేరొచ్చా అని అడిగినా, చేరొచ్చన్నారు. నీ అరబ్బీ ఒక భాష, ఉర్దూ ఒక భాష, ఎడారి దావలన్నీ జాగ్రఫీ. రెండేండ్లుగా నీ క్రెడిట్లు కూడుకుంటా వచ్చినా. పరీక్ష పెట్టి ఒప్పుకుంటారంట. అవి పోను ఇంగ్లీషు, లెక్కలు చదవాల."

"రెండేండ్ల నుంచా?"

"లేకుంటే నీ కతలు అంత ఓపిగ్గా ఎందుకు విన్నాననుకున్నావు ప్పా? ఆ సొల్లులో యాడన్నా ఒక పావు దొరుకుతాదేమో అని!"

యాదగిరి ముక్కు గట్టిగా ఎగబీల్చి, మొహం పక్కకు తిప్పుకున్నాడు. అటు తిరిగే, "స్కడ్ కతకెంత?" అన్నాడు.

"దానికి సున్నా."

హైదరాబాదు విమానం ఎక్కేలోగా ఇష్రత్‌కు ఇంకా కొన్ని వారాలున్నాయి. మరుసటి శుక్రవారం యాదగిరి రూములో అందరికీ, అమెరికా బడి తన పంతుళ్లను ట్రైనింగుకు పిలుస్తోందని చెప్పి, తల దువ్వుకుని, అత్తరు పూసుకుని బయల్దేరాడు. సుభాని ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద ఆల్జీబ్రా పుస్తకం తెరిచి ఉంది. వంటింటి గుమ్మంలో బద్రున్నీసా, ఎదురు కుర్చీలో ఇష్రత్.

"ఎక్స్ విలువ ఎంతో కనుక్కోవాల అన్నా."

"ఎక్సా? ఎక్స్ సంగతి నాకు చెప్తున్నవా బిడ్డా? నేను జుబైల్‌ల ఉన్నప్పుడు ఏమైందో ఎరుకేనా, ఒకసారి..."

"అన్నా" అంది ఇష్రత్. "పెన్ను."

యాదగిరి పెన్ను తీశాడు.