గెట్‌కి ఇంకో మాట

మైసూరు రాష్ట్రం పేరు ఇంకా మారని రోజులవి. ఇంట్లో తెలుగు, బజార్లో ఉర్దూ, బీదర్ బడిలో కన్నడ. వీటిలో ఒక్కటీ తిన్నగా రాని నాకు తొమ్మిదో తరగతిలో ఇంగ్లీషు వచ్చి నెత్తిన కూర్చుంది. ఇంగ్లీషు సారు ముందురోజే ఒక చిన్న క్రియ చెప్పి పంపేవారు. మర్నాడు వరసగా ఒక్కొక్కరమూ లేచి దానికి బదులు వాడే మాట ఒకటి చెప్పాలి. ముందువాళ్లు చెప్పింది మళ్లీ చెప్పకూడదు. చెప్పలేకపోతే వరండాలో నిలబడాలి. నెలలో మూడుసార్లు నిలబడితే తండ్రిని పిలిపించేవారు. ఆ పీరియడు ఉందంటే నాకు పొద్దున ముద్ద దిగేది కాదు.

నా పక్కన కూర్చునే స్నేహితురాలికి నాకన్నా భయం. బజార్లో ఉప్పు, చింతపండు అమ్మే వాళ్ల నాయన ముందే చెప్పేశాడు: "బడికెల్లి నాకు పిలుపొచ్చిందా, నీ సదువు బంద్." ఆ నెలలో ఆమె అప్పటికే రెండుసార్లు నిలబడింది.

సులువైన మాటలన్నీ ముందు బెంచీలవాళ్లు మింగేస్తారు కదా, అందుకని ఎవరికీ తట్టనివి రెండు వెతికి చెరొకటి పంచుకునేవాళ్లం. గెట్ వంతు వచ్చినప్పుడు ఆమే పంచింది. "అక్వయిర్ నీది, ప్రొక్యూర్ నాది. యాదుంచుకో."

మర్నాడు నా ముందమ్మాయి లేచి చక్కగా "అక్వయిర్" అంది. నేను దాచుకున్న మాట పోయింది. సారు నావైపు చూశారు. "ప్రొక్యూర్" అన్నాను.

నా తర్వాత ఆమె లేచింది. నావైపు చూడలేదు. సారు చెప్పకముందే వరండాలోకి వెళ్లిపోయింది.

అప్పుడు సారు మిగిలినవి బోర్డు నిండా రాశారు. బస్సు అందుకోవడానికి, జలుబు పట్టుకోవడానికి క్యాచ్. ముసలివాళ్లం కావడానికి బికమ్. విషయం అర్థం కావడానికి అండర్‌స్టాండ్. అన్నీ మాకొచ్చిన మాటలే. భయంలో ఒక్కటీ తట్టలేదు.

వాళ్ల నాయన వచ్చాడు. సారు చెప్పింది విని కూతురిని వెంటబెట్టుకుని వెళ్లాడు. ఆమె మళ్లీ బడికి రాలేదు. నేను వాళ్ల వీధి మానేసి చుట్టూ తిరిగి పోయేదాన్ని. ఎక్కడ ఎదురుపడి అడుగుతుందోనని ఒకటే దడ.

రెండేళ్లకు బస్టాండులో దొరికిపోయాను. పెళ్లయి సంతపూర్‌లో ఉంటోందట. అవీ ఇవీ మాట్లాడి, "ఒకటడుగుత, నిజం చెప్పు. ఆ దినం నా వంతొచ్చేసరికి ఇంక మాటలు మిగిలినయా?" అంది.

బోర్డంతా కళ్లముందు కనిపించింది. "లేవే. ఒక్కటి గూడ మిగల్లే" అన్నాను.

"అట్లనా. ఇన్ని దినాలు నాకే రాలేదనుకుంటి." ఆమె ముఖం తేటపడింది.

ఇక ప్రొక్యూర్ సంగతి ఎత్తుతుందేమోనని, బస్సు వచ్చింది పదమని తొందరపెట్టి, ఆమె సంచి నేనే తీసుకెళ్లి లోపల పెట్టాను. ఆమె కిటికీలోంచి చెయ్యి ఊపింది. బస్సు మలుపు తిరిగేదాకా నేను భయంతోనే నవ్వుతూ నిలబడ్డాను.