డాక్టరుకు చెప్పని లోహం

1998 ఎండాకాలంలో నన్ను మాదాపూర్‌లోని చేతితో నగలు చేయడం నేర్పే ఒక శిక్షణ కేంద్రానికి లోహాల సాంకేతిక అధికారిగా వేశారు. అక్కడ చేరిన మూడో నెలలో ఒక డాక్టరు నన్ను ఒక లోహం పేరు అడిగారు. నాకు తెలుసు. చెప్పలేదు. మర్నాడు చెప్పాను గాని, ముందురోజే తెలుసన్న సంగతి పాతికేళ్లకు పైగా ఎవరికీ చెప్పలేదు. అది సరిచేయడానికే ఇది రాస్తున్నాను.

కేంద్రం ఒక రేకుల షెడ్డు. చుట్టూ కంప్యూటరు కంపెనీల భవనాల కోసం బండలు పేల్చి నేల చదును చేస్తున్నారు. నా పైన మేనేజరు, నా కింద మేస్త్రీ అండాలు, ఆమె కింద పన్నెండు మంది ఆడవాళ్లు. అండాలుది నానక్‌రామ్‌గూడ. తండ్రి ఔసలి పని, అంటే కంసాలి పని చేసేవాడు. ఊదుగొట్టం పట్టడం ఆయన దగ్గరే నేర్చుకుంది. ముప్పై ఏళ్లుంటాయి. నన్ను ఆట పట్టించడానికి జంకేది కాదు. “పుస్తకంల వెండి కరుగదు సారూ, మంట మీద కరుగుతది,” అనేది.

ఏ నగకు ఏ లోహమో తేల్చడం నా పని. స్వచ్ఛమైన వెండి మెత్తన. గాజు చేస్తే వంగిపోతుంది. అందుకే వెయ్యి పాళ్లలో తొమ్మిది వందల ఇరవై అయిదు వెండి, మిగతాది రాగి. జర్మన్ సిల్వర్ చవక, కానీ అందులో నికెల్ ఉంటుంది. చెవి కమ్మలకు వాడితే కొందరికి చెవి పుండుపడుతుంది. వీటన్నిటికంటే జాగ్రత్తగా ఎంచుకోవలసింది టంకం. ముక్కలను అతికే ఈ మిశ్రమం నగ కంటే ముందు కరగాలి. ఆ తేడా తగినంత లేకపోతే అతుకుతోపాటు నగా కరుగుతుంది.

మాకు అదే జరిగింది. వెంట్రుక సన్నపు తీగతో అల్లిన జుంకాలు మంట తగలగానే ముద్దవుతున్నాయి. అతుకులు బాగాలేవని కొన్నవాళ్ల దగ్గర నుంచి ఒక పెట్టె తిరిగొచ్చింది. నాకింకా ఉద్యోగం ఖాయం కాలేదు. మేనేజరు పిలిచి, మరో పెట్టె వెనక్కి వస్తే నన్ను కొనసాగించడం కష్టమని చెప్పారు. కూకట్‌పల్లిలో అద్దె ఇల్లు, ఏడో నెల గర్భంతో భార్య. రెండు రాత్రులు సరిగా నిద్రపోలేదు. మూడో రోజు కాడ్మియం టంకం తెప్పించాను.

ఆ రోజుల్లో బంగారు దుకాణాల బోర్డుల మీద కె.డి.ఎం. అని గొప్పగా రాసుకునేవారు. అది ఈ కాడ్మియమే. తక్కువ వేడికే కరిగి అతుకులోకి చక్కగా పారుతుంది. కాని ఆ వేడికి కాడ్మియం పొగవుతుంది. పెట్టెలోని కాగితం మీద ఆ పొగ పీల్చరాదనీ, గాలి బాగా ఆడేచోటే వాడాలనీ, ఒంట్లో తేడా ఒక రోజు గడిచాక ముదరవచ్చనీ ఉంది. చదివి, సంతకం పెట్టి, ఫైల్లో పెట్టాను.

“ఏంది సారూ, గీ టంకం నీళ్లోలె పారుతున్నది! ఇందుల ఏం కలిపిండ్రు?” అంది అండాలు.

“వెండే. కొద్దిగా వేరేవి కలిపారు,” అన్నాను.

బండలు పేల్చే ముందు సైరన్ మోగేది. అప్పుడు కిటికీలు మూసి, దుమ్ము అణిగాక తెరిచేవాళ్లం. కొత్త టంకం వాడిన ఆ మొదటి రోజు పేలుళ్లు ఆగలేదు. దుమ్ము పడితే అతుకు నిలవదని, సాయంత్రం దాకా కిటికీలు తెరవద్దన్నాను. మంట ఊగుతుందని ఫ్యాను ఎప్పుడూ వేసేవాళ్లం కాదు. మిగతావాళ్లు అవతలి గదిలో తీగ అల్లుతుంటే, అండాలు ఒక్కతే అయిదు గంటలు టంకం వేసింది. పని ముగిసేసరికి మంట చుట్టూ పేర్చిన ఇటుకల మీద గోధుమరంగు మసి పేరుకుంది. గొంతు గీరుతున్నదని ఆమె నవ్వుతూనే వెళ్లింది.

మర్నాడు పొద్దున ఆమె భర్త నర్సింహ కేంద్రానికి పరుగెత్తుకొచ్చాడు. “రాత్రంత చలిజ్వరం సారూ, దగ్గు. దవాఖానల డాక్టరు ఏం పని చేస్తదని అడుగుతున్నడు. జర మీరొచ్చి చెప్పుండ్రి.”

వెళ్లాను. ఏ లోహాలు కరిగిస్తారని డాక్టరు అడిగారు. వెండి, రాగి, కొంచెం జింకు అన్నాను. నాలుగో పేరు నాలుక చివరిదాకా వచ్చింది. సంతకం ఉన్న కాగితం, పోలీసు కేసు, పోయే ఉద్యోగం ఒక్కసారిగా కళ్లముందు కదిలాయి. జింకు పొగకు చలిజ్వరం మామూలేనని, రేపటికి తగ్గుతుందని డాక్టరు మాత్రలు రాసి ఇంటికి పంపేశారు. నర్సింహ నాకు దండం పెట్టాడు.

ఆ పగలంతా ఫైలు తీయడం, ఒక రోజు గడిచాక ముదరవచ్చన్న ఆ ఒక్క వాక్యం చదవడం, మూసేయడం. షెడ్డు ముందు ఏ బండి ఆగినా ఆమె పోయిందని చెప్పడానికే వచ్చారనుకునేవాణ్ని. అయినా లేచి వెళ్లలేదు.

ఆ మర్నాడు పొద్దున ఆటో ఎక్కి నానక్‌రామ్‌గూడ వెళ్లాను. అండాలు గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పడుకుంటే ఊపిరి అందడం లేదట. పెదవులు నల్లబడ్డాయి. నన్ను చూసి ఏదో అనబోయింది, దగ్గు అననివ్వలేదు. అదే ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లి, డాక్టరు ముందు కాగితం పెట్టాను.

ఆయన చదివి, “ఇది నిన్న మీకు తెలుసా?” అన్నారు.

“లేదండీ. ఇప్పుడే దొరికింది,” అన్నాను.

ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. నాలుగు రోజులు ఆక్సిజన్ మీద ఉంచారు. ఆ నాలుగు రోజులూ వరండాలోనే ఉన్నాను. నర్సు గది తలుపు తీసినప్పుడల్లా లేచి నిలబడేవాణ్ని. ఆమె బతికింది. అయితే ఆయాసంతో ఇప్పటికీ మెట్లెక్కలేదు, మంట దగ్గర నిలవలేదు. కాడ్మియం మానేశాం. అండాలు మంట అక్కరలేని తీగపనికి మారి, తరువాత పదిమందికి నేర్పింది. నేను ఎప్పుడు వెళ్లినా వాళ్లకు నన్ను చూపించి, “ఈ సారు కాగితం తెచ్చిండు, గందుకే బతికిన,” అనేది. నర్సింహ ఇంట్లో మంచి కుర్చీ నాకే వేసేవాడు. నేను కూర్చునేవాణ్ని.

ఈ వృత్తి నాకు నేర్పింది ఒక్కటే. లోహాన్ని ఎంచేటప్పుడు నగకు ఏది నప్పుతుందన్నది సగం లెక్క. అది కరిగేటప్పుడు ఎదురుగా కూర్చునే మనిషి ఏం పీలుస్తారన్నది మిగతా సగం. ఆ సగం ఆ మనిషికి ముందే చెప్పాలి.

పదవీ విరమణ చేశాక, కిందటి నెల అండాలు ఇంటికి వెళ్లాను. భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పాను. నర్సింహ లేచి బయటికి వెళ్లిపోయాడు. అండాలు చేతిలోని తీగను పక్కన పెట్టి, “మొదటి నాడే చెప్తే నా దమ్ము గిట్ల కాకపోవునా సారూ?” అంది.

“నాకు తెలీదు అండాలూ. ఒకరోజు ముందే ఆసుపత్రిలో ఉండేదానివి. ఆ రోజును నా భయం కోసం నేను తీసేసుకున్నాను. కిటికీలు మూయించిందీ నేనే, అబద్ధమాడిందీ నేనే. నన్ను క్షమించమ్మా,” అన్నాను.